మీరేమిట్లు?

"అద్దె ఇల్లు చూసుకోవడంలో కూడా కుల రాజకీయమేనా?" అని వొక అభ్యుదయ మిత్రుడు నన్నడిగాడు. ఆయనకు ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఏడు బదిలీలయ్యాయి. ఏడు వూళ్ళలోనూ సాయంత్రానికల్లా ఇల్లు దొరికింది. నీళ్ళ వసతి ఎట్టా వుంది, గాలీ వెలుతురూ వస్తాయా, అద్దెంత, ఆఫీసుకెంత దూరం - ఆయన చూసుకోవాల్సినవి ఈ నాలుగే. నాకు ఈ నాలుగు ప్రశ్నల దాకా రావడానికే నెల పట్టేది. ఎందుకంటే గేటు దగ్గర అయిదోది వొకటి కాపు కాస్తా వుంటుంది. వరసలో అయిదోదే గానీ ముందొచ్చేది అదే. "మీరేమిట్లు?"

గుంటూరు జిల్లా వాళ్ళకి ఈ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. కులమేంటని నిలబెట్టి అడగడం మర్యాద కాదనుకునే పెద్దమనుషులు చుట్టూ తిరిగి వస్తారు. సొంతూరేది? వూళ్ళో ఏ వైపు? ఇంటిపేరేంటి? నాన్నగారికి పొలమెంత? మా వియ్యంకుడిదీ ఆ పక్కూరే, ఫలానా వాళ్ళు మీకేమవుతారు? ఆడదాన్ని గనక నాకింకో రెండు ఎక్కువ: నుదుట బొట్టు లేదేం? ఆదివారాలు ఇంట్లోనే వుంటారా, ఎటన్నా వెళతారా? నా పేరులో కుమారి వుంది, మేరీ లేదు. అందుకని మొదటి నిముషం గడిచేది. రెండో నిముషంలో ఇంటిపేరు పట్టించేది. అప్పటికీ తెలియకపోతే నేనే చెప్పేదాన్ని, మాదిగలం అని. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక ఎదుటివాళ్ళ ముఖాలు మారే తీరు మీద నేను పరిశోధన చేశానంటే చేసినట్టే. డాక్టరేటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

1988లో నాకు ప్రభుత్వ రంగ బ్యాంకులో గుమాస్తా వుద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగు రేపల్లె. మా పల్లె పొన్నూరు పక్కన. తెనాలి నుంచి వచ్చే బ్రాంచి లైను రేపల్లెతో ఆగిపోద్ది. నేనూ మా అమ్మా రెండు సంచులతో అక్కడ దిగాం. బ్యాంకులో ఇంటద్దె అలవెన్సు ఇస్తారు. జీతం కాగితం చూపిస్తే ఎవరన్నా ఇల్లిస్తారనుకుంది అమ్మ. పల్లెలో ఎవరికీ జీతం కాగితం లేదు గదా, దాని బలం చాలా వుంటుందనుకుంది.

మొదటి రోజు అయిదిళ్ళు తిరిగాం. ఒకచోట ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చింది. ఇంటిపేరు అడిగింది. చెప్పాను. గ్లాసు ఆవిడ చేతిలోనే వుండిపోయింది. "ఏమీ అనుకోకమ్మా, చదువుకున్నదానివి. నాకూ మీ బాబాయిగారికీ పట్టింపుల్లేవు. మా అత్తగారున్నారే, ఆవిడతోనే బాధ" అంది. మిగిలిన నాలుగిళ్ళలో వొకరికి పక్కింటివాళ్ళతో బాధ. వొకరికి దేవుడి గది గోడతో బాధ. అప్పటి నుంచి ఇప్పటిదాకా నేను గమనించిందేమంటే, ఈ దేశంలో కులం పట్టింపు వున్న మనిషి నాకు ఎదురుపడనే లేదు. వాడెప్పుడూ పక్క గదిలో వుంటాడు. లేకపోతే వూరెళ్ళి వుంటాడు.

చివరికి లూథరన్ చర్చి వైపు పేటలో పెంకుల గది వొకటి దొరికింది. ఇంటాయన మావాడే అనాలి. అంటే మాల. ఆయనా అడిగాడు, మాలా మాదిగా అని. చెబితే కాసేపు మీసం సవరించుకుని, సరేలే వుండండి అన్నాడు. ఇది రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుద్ది గనక రాస్తున్నా. 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా ఎందుకు మోగిందో తెలియని మాల మిత్రులు ఆ సవరించిన మీసం దగ్గర కాసేపు ఆగాలి. అయితే ఆయన సరేనన్నాడు. మిగతా రేపల్లె అనలేదు. ఈ తేడా మాదిగ మిత్రులు మర్చిపోకూడదు.

గది దొరికితే కథ అయిపోలేదు. బ్యాంకులో నా పక్క సీటు ఆవిడ "అక్కడ వుంటున్నావా?" అంది. ఆ 'అక్కడ'లో అంతా వుంది. మనకి ఇల్లు దొరకని చోటు మన కులం చెబుతుంది. ఇల్లు దొరికిన చోటూ మన కులమే చెబుతుంది. జాబు కవరు మీద పేట పేరు చూసి పోస్టుమేన్ నుంచి గ్యాసు సిలిండరు కుర్రాడి దాకా పిలుపు మార్చేవాళ్ళు. ఊరు, ఊరి బయట పల్లె అని మన పెద్దలు చూసిన గీత పట్టణం వచ్చాక చెరిగిపోయిందనేవాళ్ళు మునిసిపాలిటీ వార్డుల పటం వొకసారి చూడండి. ఏ వార్డులో కాలవ పూడిక తీయరో, ఎక్కడ వీధి దీపం వెలగదో చూడండి. గీత కనపడుద్ది.

1990లో వూళ్ళోనే వొక వాటా కుదిరింది. ఇంటాయన రిటైరయిన మనిషి. సంవత్సరం పైన బాగానే వున్నాం. మా అమ్మ వాళ్ళావిడతో కలిసి వడియాలు పెట్టింది కూడా. తర్వాత 1991 ఆగస్టు వచ్చింది.

తెనాలి నుంచి బాపట్ల వైపు వెళ్ళే రైలు చుండూరులో ఆగుద్ది. ఆ స్టేషన్లో దిగి పల్లెకి వెళ్ళే మనుషుల్ని ఆగస్టు 6న వేటాడి చంపారు. ఎనిమిది మంది. గోనెసంచుల్లో కట్టి కాలవలో వేశారు. మూలం ఏంటంటే సినిమా హాల్లో డిగ్రీ చదివిన దళిత కుర్రాడి కాలు రెడ్ల కుర్రాడికి తగిలింది. అంటే ఇదీ చోటు గొడవే. మావాడు కూచున్న కుర్చీ గొడవ. ప్రాణాలతో మిగిలినవాళ్ళు తెనాలి వచ్చి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. అన్ని మేడలున్న ఆంధ్రా పారిస్‌లో వాళ్ళకి దొరికిన నీడ అది. 2007 జూలై 31న చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎనిమిది మందిని ఎవరూ చంపలేదన్నమాట.

చుండూరు జరిగిన వారానికి మా ఇంటాయన వచ్చి నిలబడ్డాడు. "గొడవలుగా వున్నాయమ్మాయ్. మీకేం కాదనుకో. కానీ ఎందుకొచ్చింది, వేరే చూసుకోండి" అన్నాడు. చచ్చింది మేం. గొడవ మాత్రం మా వెంట వస్తుందని ఖాళీ చేయించింది కూడా మమ్మల్నే. సామాను రిక్షాలో పెడతా వుంటే మా అమ్మ వడియాల డబ్బా అక్కడే వదిలేసింది. తెచ్చుకోమన్నా తెచ్చుకోలేదు. ఏ పేటలో వుంటే మంచిది అని వుద్యోగస్తులు మాట్లాడుకుంటా వుంటే నాకు ఆ రోజు గుర్తుకొస్తుంది. వాళ్ళు స్కూలు దగ్గరా, మార్కెట్టు దగ్గరా అని చూస్తారు. రాత్రి పూట తలుపు కొడితే పక్కన ఎవరు లేచి వస్తారని మేం చూసుకోవాలి.

1996లో బాపట్ల బదిలీ అయింది. అక్కడ జరిగింది నేను ఎన్ని సభల్లో చెప్పినా నాకు తనివి తీరదు. సూర్యలంక రోడ్డు వైపు వొకాయన కొత్త మేడ కట్టాడు. ఆ మేడకి అప్పిచ్చింది మా బ్రాంచే. కాగితాలు సరిచూసి, రిజిస్టరులో ఎక్కించింది నేను. నెలనెలా వాయిదా కట్టడానికి నా కౌంటరుకే వచ్చేవాడు. నేను లెక్కపెట్టిన నోట్లు మళ్ళీ లెక్కపెట్టుకునేవాడు కాదు, అంత నమ్మకం. పై వాటా ఖాళీగా వుందని తెలిసి మా ఫీల్డాఫీసరు అడిగాడు. ఆయన రెండు రోజులు ఆలోచించి కబురు చేశాడు. పై వాటా కుదరదట. వెనక పాకలాంటి గది వుంది, అద్దె తగ్గించి ఇస్తాడట. బావి దగ్గరికి మాత్రం రాకూడదు. నీళ్ళు పనిమనిషి తోడి పోస్తుంది.

బాపట్ల ఇసక నేల. నాలుగు బారలు తవ్వితే నీళ్ళు. ఆ నీళ్ళకి కులం అంటుద్ది గానీ నా చేతి మీదుగా పోయిన నోట్లకి అంటదు! జనం డిపాజిట్లతో, అందులో మా పల్లె కూలోళ్ళు దాచుకున్న పది, ఇరవై కూడా వున్నాయి, ఆ డబ్బుతో మేడ కట్టి, ఆ డబ్బు లెక్కపెట్టే మనిషికి బావి చేద తగలనివ్వడు. ఇది ఆయన సొంత ఆస్తి అంటారు. ఎక్కడి సొంతం? ఆ ఇంటి దస్తావేజులు అప్పటికి మా బ్యాంకు బీరువాలో వున్నాయి. అప్పు కాగితంలో ఎన్ని షరతులు రాయించుకుంటారు! ఇన్సూరెన్సు కట్టాలి, ప్లాను దాటకూడదు, అనుమతి లేకుండా అమ్మకూడదు. అద్దెకిచ్చేటప్పుడు కులం చూడకూడదు అని వొక్క వాక్యం ఏ బ్యాంకూ రాయించుకోదు. రాయించుకుంటే ఎవరి కొంప మునుగుద్ది?

వుద్యోగం వచ్చాక ఇల్లు వెతుక్కున్న మా వాళ్ళలో మొదటివాడు బాబాసాహెబే. కొలంబియాలో చదివి, లండన్ నుంచి తిరిగొచ్చి, 1917లో బరోడా సంస్థానంలో వుద్యోగంలో చేరడానికి వెళ్ళాడు. చదివించిన రాజు పిలిచి వుద్యోగం ఇచ్చాడు గానీ ఆ రాజ్యంలో గది దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు చెప్పి వుండాల్సి వచ్చింది. పదకొండో రోజు పార్శీలు కర్రలు పట్టుకొచ్చి సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. వొక హిందూ స్నేహితుణ్ణీ వొక క్రైస్తవ స్నేహితుణ్ణీ అడిగాడు. ఇద్దరూ తప్పించుకున్నారు. ఆ క్రైస్తవుడు బ్రాహ్మణ్యం నుంచి మారినవాడు. రాత్రి రైలు దాకా తోటలో కూచుని బొంబాయి వెళ్ళిపోయాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన ఇదంతా రాసుకున్నాడు. మన విద్యార్థులు ఆయన డిగ్రీల జాబితా కంఠస్థం చేస్తారు. ఈ పదకొండు రోజుల సంగతి కూడా చదవాలి. డిగ్రీలు గేటు దాకానే తీసుకెళతాయని ఆయనకు బరోడా వుద్యోగంలోనే తెలిసింది.

తెనాలికి 2004లో ఆఫీసరుగా వెళ్ళాను. ఆఫీసరుకి బ్యాంకే ఇల్లు లీజుకి తీసుకుని ఇస్తుంది. ఒప్పందం బ్యాంకుకీ ఇంటాయనకీ మధ్యన. అద్దె బ్యాంకు కడుతుంది. ఇంతకంటే భద్రమైన కిరాయిదారు ఎవరికైనా దొరుకుతాడా? చెంచుపేటలో వొకాయన స్టాంపు పేపరు కూడా కొన్నాడు. "ఇంతకీ ఏ ఆఫీసరండీ?" అని చివర్లో అడిగాడు. స్టాంపు పేపరు అట్టాగే మిగిలిపోయింది. అన్నట్టు ఆయన యువకుడిగా వున్నప్పుడు వామపక్ష సభల్లో ముందు వరసలో వుండేవాడట. ఆయనే చెప్పాడు, ఇల్లు ఇవ్వనని చెప్పడానికి ముందు.

తెనాలి మామూలు వూరు కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకున్న వూరు. శంబుకుడి తల నరికిన రాముణ్ణి నిలదీసి 'శంబుక వధ' నాటకం రాసిన కవిరాజు ఈ వూరికి మునిసిపల్ ఛైర్మన్‌గా చేశాడు. హేతువాదులు, రాడికల్ హ్యూమనిస్టులు, కమ్యూనిస్టులు, నాటకాలవాళ్ళు, సినిమా రచయితలు - లెక్కకు మించి పుట్టారు. బ్రాహ్మణ పురోహితుణ్ణి పెళ్ళిపందిట్లోంచి పంపించిన చరిత్ర ఈ శూద్ర మేధావులకుంది. వాళ్ళ వారసుల ఇళ్ళ ముందే నేను నిలబడ్డాను. నాటకంలో శంబుకుడికి న్యాయం దొరికింది. మొదటి అంతస్తులో గది మాత్రం దొరకలేదు. తమ నెత్తిమీదున్నవాణ్ణి దించడాన్ని హేతువాదం అన్నారు, తమ కాళ్ళ కిందున్నవాడు మెట్లెక్కబోతే సొంత ఆస్తి హక్కు గుర్తొచ్చింది.

బ్రోకరు నన్ను ఐతానగర్ తీసుకెళతానన్నాడు. "మీవాళ్ళంతా అక్కడే గదా మేడం, హాయిగా వుంటుంది" అన్నాడు. నా జనం మధ్య వుండటం నాకు నామోషీ కాదు. రేపల్లెలో చర్చి పేటే నన్ను కాపాడింది. కానీ నన్ను అక్కడికి పంపించేవాడు హాయి అని పేరు పెట్టకూడదు. 2025లో అదే ఐతానగర్ నడిరోడ్డు మీద కుర్రాళ్ళను కూచోబెట్టి పోలీసులు అరికాళ్ళ మీద కొడతా వుంటే ఆ వీడియో రాష్ట్రమంతా చూసింది. మిగతా పేటల్లో నడిరోడ్డు మీద ఆ పని చేసే ధైర్యం పోలీసుకి వుంటుందా? ఏ పేటలో వుంటామనేది ఇక్కడ తేలుద్ది.

నాతో పనిచేసిన మావాడు వొకడు హాల్లో వెంకటేశ్వరస్వామి పటం పెట్టి, ఇంటిపేరు పొడి అక్షరంలో దాచి, పన్నెండేళ్ళు వొకే ఇంట్లో కాపురం చేశాడు. అతణ్ణి తిట్టేవాళ్ళతో నేను కలవను. పిల్లల చదువు కోసం అతను కట్టిన అద్దెలో అది కూడా వొక భాగం. వాళ్ళమ్మ వూరి నుంచి వస్తే చీకటి పడ్డాక ఇంట్లోకి తీసుకొచ్చి తెల్లారకముందే బస్సెక్కించేవాడు, ఆవిడ మాట యాసలో దొరికిపోతామని. ఈ అద్దెకి రసీదు ఎవరిస్తారు?

ఇప్పుడు ప్రశ్న కూడా చొక్కా మార్చుకుంది. "వెజిటేరియనేనా?" అంటున్నారు. బాపట్ల, రేపల్లెల్లో ఈ మాట అడిగేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. నిజాంపట్నం చేప రాని వీధి రేపల్లెలో వుందా? కనుమ రోజు తెనాలి పేటల్లో మసాలా వాసన రాని మేడ ఎన్ని? నాటుకోడి తినే ఇంటాయన కింద కూచుని పళ్ళు కుట్టుకుంటా పై వాటాకి శాకాహారులే కావాలంటాడు. ఇదివరకు కులం అడిగితే కులం అని తెలిసేది. ఇప్పుడు కూర అడుగుతున్నారు.

సొంత ఇల్లు, మా ఇష్టం అనేవాళ్ళకి వొక మాట. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. 1976 సవరణతో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మారింది. అందులో నాలుగో సెక్షను తీసి చదవండి. ఏ ప్రాంతంలోనైనా సరే, నివాస గృహం కట్టుకోవడానికీ, సంపాదించుకోవడానికీ, అందులో వుండటానికీ అంటరానితనం పేరుతో అడ్డం పడితే నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు. పన్నెండో సెక్షను ఇంకా గట్టిది. బాధితుడు షెడ్యూల్డు కులం మనిషి అయితే ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు అనుకోవాలి, కాదని నిరూపించుకోవాల్సింది ఎదుటివాడు. అత్తగారి మీదా పక్కింటివాళ్ళ మీదా నెట్టే కథలన్నీ వాడు కోర్టులో నిరూపించుకోవాలన్నమాట. ఇది ప్రైవేటు ఇంటాయనకి వర్తించదని చెప్పే లాయర్లున్నారు. చెప్పనివ్వండి, బోనులో నిలబెట్టాక చెప్పనివ్వండి. అసలు కేసంటూ పెడితే కదా వాదన. ఇంకోటి, 1960 నాటి మన పాత అద్దెల చట్టంలో ఇల్లు ఖాళీ అయితే యజమాని అధికారికి తెలపాలని, సర్కారు అవసరానికి ఆ ఇంటిని తీసుకోవచ్చని రాసి వుండేది. సర్కారుకి అవసరమైతే సొంత ఆస్తి గోడలు అంత పల్చన. మాకు అవసరమైతే కోటగోడలు.

2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా కేంద్రం అయింది. రేపల్లె ఆ జిల్లాలోకి వెళ్ళింది. తెనాలి గుంటూరులోనే వుండిపోయింది. మా అమ్మాయికి మరుసటేడు బాపట్లలో వుద్యోగం వచ్చింది. రెండేళ్ళు తెనాలి నుంచి రైల్లో తిరిగి, ఈమధ్యే అక్కడే ఇల్లు చూసుకుందామనుకుంది. ఇప్పుడన్నీ అపార్ట్‌మెంట్లు. లిఫ్టు, వాచ్‌మేన్, అసోసియేషన్. గేటు దాకా వెళ్ళక్కర్లేదు, ఫోన్లో ఫొటోలొస్తాయి. ఆధార్ కార్డు పంపమంటారు. కార్డు వెళ్ళాక ఫోను ఎత్తరు. వొక బ్రోకరు మాత్రం దాచలేదు. "ఓనరు అమెరికాలో వుంటారమ్మా. మంచాయన. మనవాళ్ళకే ఇమ్మన్నారు" అన్నాడు.

అమెరికాలో వున్న ఆ మంచాయనకి అక్కడ ఇల్లెట్టా దొరికిందో తెలుసా? 1968 ఏప్రిల్లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి అక్కడ ఇళ్ళ చట్టం మీద సంతకమైంది. రంగు, జాతి, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు ఇవ్వననడం చట్టవిరుద్ధమైంది. నల్లవాళ్ళు నెత్తురు ధారపోసి తెరిచిన తలుపులోంచి మన తెలుగాయన లోపలికెళ్ళి కూచున్నాడు. అక్కడ కూచునే బాపట్లలో తన ఫ్లాటు తలుపు మూయిస్తున్నాడు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిలు కుల వివక్షను నిషేధిస్తే హిందువుల పరువు పోయిందని గోల చేసింది ఎవరో పత్రికల్లో చూశాం.

ఢిల్లీ చుట్టుపక్కల సుఖదేవ్ థోరట్ బృందం ఇదే సంగతి తేల్చి 2015లో ప్రచురించింది. దళితుల పేర్లతో, ముస్లిముల పేర్లతో అద్దె ఇళ్ళకోసం వాకబు చేయిస్తే ఇవ్వమన్నవాళ్ళు కొందరు, అద్దె పెంచినవాళ్ళు కొందరు, కొత్త షరతులు పెట్టినవాళ్ళు కొందరు. తెనాల్లో, బాపట్లలో, రేపల్లెలో ఆ పని మన విద్యార్థి సంఘాలు చేయొచ్చు. వొక దళిత పేరు, వొక ముస్లిం పేరు, వొక అగ్రకులం పేరు, మూడు ఫోన్లు, వొక నోటుబుక్కు చాలు. సభలకి నన్ను పిలిచి శాలువా కప్పే డబ్బుతో మూడు పట్టణాలూ పూర్తవుతాయి.

మా అమ్మాయి ఆ నోటుబుక్కు మొదలుపెట్టింది. తేదీ, అపార్ట్‌మెంటు పేరు, చెప్పిన అద్దె, ఎవరు మాట్లాడారు, ఏ మాట అన్నారు, అన్న మాట అన్నట్టు. తొమ్మిది చోట్ల సంగతి ఎక్కింది. అందులో అయిదు ఫోను సంభాషణలు రికార్డయి వున్నాయి. నాలుగో సెక్షను జతచేసి మొన్న సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చింది. అక్కడ గుమాస్తా చదివి, "ఇది ఏ శాఖకి రాయాలమ్మా?" అని అడిగాడట. పోలీసుకి రాయమంది. ఆయన కాసేపు కలం పట్టుకుని కూచుని, రాసి, నెంబరు వేసి రసీదు ఇచ్చాడు. రసీదు సంచిలో పెట్టుకుని ఆ సాయంత్రం ఇంకో రెండు ఇళ్ళు చూసొచ్చింది.